జేబులో దొరికినవి

మే 6

చిన్నోడికి,

నువ్వు బస్సెక్కావో లేదో, మన పిచ్చుక వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వంటింట్లోంచి తొంగి చూశాను. దానికేమీ అనుమానం వచ్చినట్టు లేదు. "మామయ్య బాగుచేశాక భలే వేగంగా పనిచేస్తోందమ్మా" అంది. నాకు నవ్వాగక నాలుగు గిన్నెలు దబదబా సింకులో పడేశాను. ఇంతకీ నువ్వు పెట్టిన ఆ నిఘా ప్రోగ్రాము కనపడకుండా ఎక్కడ కూర్చుందో గాని, ఒట్టు, మన వంశంలో ఇంత గుట్టుగా పని చేసినవాళ్ళు లేరు.

ఈ రోజుల్లో కాగితం మీద ఉత్తరమేంటక్కా అని నవ్వకు. ఫోను చేద్దామంటే మా ఇంటి గోడలు నీకు తెలుసు, ఇక్కడ దగ్గితే పక్క గదిలోంచి "ఏమైంది?" అంటారు. పైగా ఆ పంపుల ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచీ నీకు ఫోన్లో సగం మాటలు వినపడవు, మిగతా సగం నువ్వు వినవు. మెయిలు పంపమందామంటే, ఆ మెయిలు డబ్బా నాకు తెరిచిపెట్టిందే పిచ్చుక! అందులో ఏం వచ్చినా నాకంటే ముందు అదే చదివేస్తుంది, అందులో సందేహం లేదు. అందుకే రిపోర్టులు నీకే రానీ. నువ్వు చూసి మన లాండ్రీ దుకాణం అడ్రసుకి నాలుగు ముక్కలు రాయి. నాకెలాగూ ఆ యంత్రం మీట ఎక్కడుందో కూడా తెలీదు.

నేనేదో రాక్షసినని అనుకోకు. దానికి ఓడలు డిజైను చేసే చదువులో సీటొచ్చిందంటే పొంగిపోయాను. దుకాణానికి కోటు తెచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను, అడగనివాళ్ళక్కూడా. కాని పదిహేడేళ్ళ పిల్ల, ఎక్కడో రైళ్ళు మారీ మారీ వెళ్ళాల్సిన ఊరు, హాస్టలు! జులై ఆఖరుకల్లా అమ్మో నాన్నో సంతకం పెట్టి పంపాలిట. మీ బావ సంగతి తెలిసిందేగా. ఆ గూడ్సు బండి తోలుకుని ఎప్పుడో ఇంటికొస్తాడు, వచ్చి "పెట్టెయ్, పంపెయ్" అంటాడు. మనసంటూ ఉంటే కదా. నాకలా కుదరదు. ఒంటరిగా తెర ముందు కూర్చున్నప్పుడు ఏం చేస్తుందో, రేపు ఒంటరిగా ఉన్నప్పుడూ అదే చేస్తుంది. రిపోర్టులు బాగుంటే సంతకం. బాగా లేకపోతే ఇక్కడే ఏదో ఒక కాలేజీ. దానికి మాత్రం ఈ లెక్క తెలీదు. "ఆలోచిస్తున్నా" అని చెప్పి ఊరుకున్నాను.

దుకాణంలో కొత్తగా ఒకమ్మాయి చేరింది. నిన్న ఎవరిదో కోటు ఉతుక్కి వేసే ముందు జేబులు చూస్తూ, మడత పెట్టిన కాగితం దొరికితే విప్పబోయింది. చేతి మీద ఒకటి వేశాను. నాన్న పెట్టిన పద్ధతి నీకు గుర్తుందిగా? జేబులో ఏది దొరికినా ఖాకీ కవర్లో వేసి, "మీ జేబులో దొరికింది, చూడలేదు" అని రాసి, పిన్నీసుతో ఆ బట్టకే గుచ్చి ఇవ్వాలి. ఈ వీధిలో మనల్ని నమ్మి కోటు ఇస్తున్నారంటే అందుకే. ఆ పిల్లకి గంటసేపు క్లాసు పీకాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే ఇల్లంతా బోసిగా ఉంటోంది. పిచ్చుక ఆ వేళకి డ్రాయింగు క్లాసులో ఉంటుంది. కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంటుంది. దాన్ని చూస్తూ రెండు ముద్దలు తినేసి మళ్ళీ దుకాణానికి పోతున్నాను.

త్వరగా రాయి. వేళకి తిను.

మీ అక్క


మే 15

అక్కకి నమస్కారాలు.

మొదటి రిపోర్టు వచ్చింది. శ్రద్ధగా చదివాను. ఫలితం: పాస్.

ఒక మాట ముందే చెప్పాలి. పిచ్చుక ఏ మాట కొట్టి వెతికిందో నీకు మాటలు మాటలుగా రాయను. ఎదిగిన పిల్ల తనకోసం వెతుక్కున్నవి మేనమామ చదవడమే ఎక్కువ, మళ్ళీ వాటిని తల్లికి అప్పజెప్పడం ఇంకా ఎక్కువ. మా టెస్టింగు షెడ్డులోనూ ఇదే పద్ధతి. పంపు ఏమేం చప్పుళ్ళు చేసిందో ఎవరికీ రాయం. మూడే గ్రేడులు: పాస్, గమనించాలి, ఫెయిల్. పై అధికారికి అంతకుమించి అక్కర్లేదు. నీకూ అక్కర్లేదు.

ఈ వారం సారాంశం: ఓడలు, ఓడల ఇంజన్లు, జుట్టు రాలడం, కొన్ని పాటలు, చేపలు నిద్రపోతాయా లేదా.

అయినా పాస్ అనగానే నిశ్చింతగా పడుకోకు. ఈ ప్రోగ్రాముతోపాటు తల్లిదండ్రులకి సూచనలు కూడా వచ్చాయి. ఇల్లు వదిలి వెళ్ళాలనుకునే పిల్లలు పైకి మామూలుగానే ఉంటారట, లోపల మాత్రం ముందే అన్నీ ఆలోచించుకుంటారట. మనది అలాంటిది కాదు, నిజమే. కాని మంచి పంపే ఒక్కోసారి చెప్పాపెట్టకుండా పగులుతుంది. కళ్ళు తెరుచుకుని ఉండు.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


మే 24

ఒరే చిన్నోడా,

పాస్ అని రాసి ఊరుకోక ఆ రెండో మాట ఎందుకు రాశావురా? పైకి మామూలుగానే ఉంటారు అన్నావు చూడు, అప్పటి నుంచీ అది మామూలుగా ఉన్నప్పుడల్లా నాకు గుండె దడ. నిన్న నవ్వుతూ పళ్ళు తోముకుంది. నవ్వుతూ ఎవరైనా పళ్ళు తోముకుంటారా?

ఇల్లు వదిలేవాళ్ళు ముందు ఏం చేస్తారో, ఎక్కడికి వెళ్తారో, తెలిసినవాళ్ళనెవరినైనా అడుగుదామంటే పరువు పోతుంది. ఏదో నా తంటాలు నేను పడుతున్నాను.

పెద్ద పెట్టె ఒకటి కొన్నాను, నాలుగు చక్రాలది, నీలం రంగు. సంతకం పెడితే రేపు దానికి కావాలి కదా. ఇప్పుడే కనపడితే అమ్మ ఒప్పేసుకుందని ఎగురుతుంది, అందుకని దుప్పటి చుట్టి అటక మీద దాచాను. మీ బావకీ చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

దుకాణంలో ఆవిరి ఇస్త్రీ పెట్టె పాడైంది. కొత్తమ్మాయి ఇప్పుడు జేబుల జోలికి పోవడం లేదు, కవర్లు తనే అంటిస్తోంది. చెప్తే వింటారు.

మీ అక్క


జూన్ 2

అక్కకి నమస్కారాలు.

కూర్చుని చదువు. ఈసారి గ్రేడు: గమనించాలి.

సారాంశం మాత్రమే రాస్తాను. ఇల్లు వదిలి వెళ్ళే ఆడవాళ్ళు, వాళ్ళు ఎక్కడికి వెళ్తారు, ముందుగా ఏం సర్దుకుంటారు, ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఎలా దాస్తారు. ఇవి ఒకసారి కాదు, రోజూ ఉన్నాయి. ఓడలు తగ్గిపోయాయి. చేపలు పూర్తిగా మానేసింది.

రెండుసార్లు చదివానక్కా. చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని చెవులు పట్టుకుని తిప్పిన పిల్ల ఇవి వెతుకుతోందంటే నమ్మబుద్ధి కావడం లేదు. కాని రిపోర్టు రిపోర్టే. యంత్రానికి ఒకరంటే ప్రేమ, ఒకరంటే కోపం ఉండవు.

దాన్ని నేరుగా ఏమీ అడగకు. అడిగితే జాగ్రత్త పడిపోతుంది. ఇంకాస్త లోతుగా గమనించు.

నీ తమ్ముడు


జూన్ 9

చిన్నోడా,

నీ ఉత్తరం దుకాణంలో చదివి, ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ పెట్టె కింద మర్చిపోయాను. కాలర్ మాడిపోయింది. నాన్న పోయాక మన దుకాణంలో బట్ట మాడటం ఇదే మొదలు.

నువ్వన్నది అక్షరాలా నిజం. దాని వాలకమే మారిపోయింది. క్లాసు అవగానే దుకాణానికి వచ్చి కౌంటరు వెనకాల స్టూలు మీద కూర్చుంటోంది. నేను ఎటు తిరిగితే అటు కళ్ళు తిప్పుతోంది. పాలకి వెళ్తే వెనకాలే వస్తోంది. మొన్న కోట్లు హ్యాంగర్లకి తగిలిస్తుంటే వచ్చి, "అమ్మా, నువ్వు ఇక్కడ సంతోషంగానే ఉన్నావా?" అంది. "నాకేం, మహరాణిలా ఉన్నాను, ఆ బొత్తాల డబ్బా ఇటివ్వు" అన్నాను. "నాన్న మీద కోపమా?" అంది. "ఆయన ఇంట్లో ఉంటే కదే కోపం రావడానికి" అన్నాను. ఏమైందో ఏమో, అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తప్పు చేయబోయే పిల్లకే ఇంత ప్రేమ పొంగుకొస్తుంది. లేకపోతే పదిహేడేళ్ళ పిల్లకి తల్లితో ఏం పని చెప్పు?

ఇంకో సంగతి. అటక మీద పెట్టె ఒకసారి దించి చూసుకుందామనుకున్నాను. ఒక చక్రం లేదు! కొత్త పెట్టెరా! నేరుగా కొట్టుకి వెళ్ళి ఆ మనిషిని నలుగురిలో దులిపేశాను. "నాలుగు చక్రాలూ చూపించి ఇచ్చానమ్మా" అంటాడు. "అయితే ఒకటి నేను నమిలి మింగానా?" అన్నాను. లోకంలో నమ్మకమన్నది లేకుండా పోతోంది.

సంతకం కాగితం బీరువాలో ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా అదే కనపడుతోంది. నువ్వేమంటావు?

మీ అక్క


జూన్ 20

అక్కకి నమస్కారాలు.

ఫెయిల్. రాయడానికే బాధగా ఉంది.

ఇల్లు వదలడం గురించి ఉన్నవి అలాగే ఉన్నాయి, పైగా ఒంటరి ఆడవాళ్ళకి గది ఎక్కడ అద్దెకిస్తారు అన్నది కూడా చేరింది. ఇవి చాలవన్నట్టు ఇంకో కొత్త వరస మొదలైంది. తల్లిదండ్రులు విడిపోతే ఏమవుతుంది, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు.

అక్కా, నేను చిన్నవాణ్ణి, అడగకూడదు. అయినా అడుగుతున్నాను. నీకూ బావగారికీ మధ్య అంతా బాగానే ఉందా? పిల్ల అలా వెతకడానికి ఏదో కారణం ఉండాలి కదా. ఏదైనా ఉంటే నా దగ్గర దాచకు.

ఇంకో చిన్న విషయం. ఈ మధ్య నా ఎడమ చెవిలో ఎప్పుడూ ఒకటే హోరు. షెడ్డు వదిలి గదికొచ్చినా పంపు తిరుగుతున్నట్టే ఉంటుంది. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ ఎవరికీ చెప్పకు. బావగారికి అసలే వద్దు. పెళ్ళి చేసుకోనివాడికి ఏ రోగమొచ్చినా అందువల్లే అంటారు. అదే తగ్గుతుందిలే.

నీ తమ్ముడు


జూన్ 29

ఒరేయ్,

నాకూ మీ బావకీ మధ్య ఏమిట్రా? ఆయనకీ నాకూ మధ్య ఉన్నదల్లా ఆ గూడ్సు బండి ఒక్కటే. ఇరవై ఏళ్ళ కాపురంలో మేం పోట్లాడుకున్నదంతా కిటికీ తెరవాలా మూయాలా అని. విడిపోవడమన్న మాట నీ చేత్తో ఎలా రాశావు? ఎవరు నూరిపోస్తున్నారో దానికి ఈ కథలన్నీ! తల్లిదండ్రులు విడిపోతారని భయపడే పిల్లలు ఎలా ఉంటారో కూడా తెలుసుకున్నాను. దాని లక్షణాలన్నీ అవే. అదెలా తెలుసుకున్నానని అడగకు.

అందుకే తేల్చి చెప్పేశాను. "నేను సంతకం పెట్టడం లేదు" అన్నాను. ఏడుస్తుంది, అరుస్తుంది, తలుపు ధడాలున వేసుకుంటుంది అని ముందే గుండె రాయి చేసుకున్నాను. ఏం చేసిందనుకున్నావు? నా మెడ చుట్టూ చేతులు వేసి, "పర్లేదమ్మా, సీటు వద్దని నేనే కాలేజీకి రాసేశాను. నేనెక్కడికీ వెళ్ళను. నువ్వూ ఎక్కడికీ వెళ్ళకు" అంది. "నేనెక్కడికి పోతానే, దుకాణానికి తప్ప?" అన్నాను. "సరే అయితే" అంది.

గెలిచాను కదా, చిన్నోడా? అనుకున్నదే జరిగింది కదా. మరి అన్నం ఎందుకు సహించడం లేదో అర్థం కావడం లేదు. అది గోడకి అంటించుకున్న ఓడల బొమ్మలన్నీ తీసేసింది. గోడ మీద వాటి చోట్లు తెల్లగా మిగిలాయి.

నీ చెవి సంగతి చదివి ప్రాణం ఉసూరుమంది. అదే తగ్గుతుందిట! నూనె గీనె పొయ్యకు. పుల్లలు పెట్టి కెలక్కు. నిన్ను తలుచుకుంటే మధ్యాహ్నం మెతుకు దిగడం లేదు.

మీ అక్క


జులై 8

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు. ఇస్త్రీ పెట్టె ఆర్పేసి చదువు.

ఈ వారం రిపోర్టులో ఇలా ఉంది. నా పద్ధతి పక్కన పెట్టి, మాటలు మాటలుగా రాస్తున్నాను: "చెవిలో హోరు ప్రమాదమా". దాని కింద: "ఒంటరిగా ఉండే తమ్ముడికి చెవిలో హోరు". దాని కింద: "తమ్ముడు మొండివాడైతే డాక్టరు దగ్గరికి ఎలా పంపాలి".

పిచ్చుకకి తమ్ముడు లేడు.

పాత రిపోర్టులన్నీ నేల మీద పరిచి, ఏది ఏ వేళలో వెతికిందో చూసుకుంటూ కూర్చున్నాను. ఆ పని మొదటి వారమే చేయాల్సింది. ఇల్లు వదిలే ఆడవాళ్ళు, సర్దుకునే బట్టలు, అద్దె గదులు, అన్నీ మధ్యాహ్నం పూటే. పిచ్చుక డ్రాయింగు క్లాసులో ఉండే వేళ, నువ్వు భోజనానికి ఇంటికొచ్చే వేళ. మీట ఎక్కడుందో తెలీని మనిషివి నువ్వు!

అక్కా, దానికి నేను వేసిన ఫెయిల్ నీది. నేను భయపెట్టాను, నువ్వు వెతికావు, అది చూసి నేను ఇంకా భయపెట్టాను. మంచి పంపుని సుత్తితో కొడుతూ, చూశారా ఎంత చప్పుడు చేస్తోందో అన్నట్టుంది మన వ్యవహారం.

సాయంత్రం వెతికినవి మాత్రం దానివే. అందులో ఒక్కటి రాస్తాను, తర్వాత ఇక రాయను: "అమ్మ వెళ్ళిపోవాలనుకుంటే ఆపడం ఎలా". నువ్వు వెతికినవి అది ఎలాగో చూసింది. చూసి, వెళ్ళిపోతున్నది నువ్వే అనుకుంది. నీకు కాపలా ఉండటానికి సీటు వదులుకుంది.

మిగతా దాని మాటలన్నీ ఒక కవర్లో పెట్టి అంటించి, దీంతోపాటు పంపుతున్నాను. విప్పుతావో లేదో నీ ఇష్టం. నేను చదివాను, నాకు సిగ్గుగా ఉంది. కాలేజీకి వెంటనే ఫోను చెయ్యి. కాళ్ళు పట్టుకోవాలన్నా నేనొచ్చి పట్టుకుంటాను.

నీ తమ్ముడు


జులై 17

చిన్నోడికి,

అవును, నేనే. అయితే ఏంటట? దుకాణంలో బిల్లుల కంప్యూటరు ఎవరు తిప్పుతున్నారనుకున్నావు, ఇస్త్రీ పెట్టా? రాదంటే పిల్ల ధైర్యంగా దాని పని అది చేసుకుంటుంది, మనకి నిజం తెలుస్తుంది అనుకున్నాను. పెద్దదాన్ని, తెలివైనదాన్ని. నీ గ్రేడులకో దండం. ఆ మొదటి మాటలు ఉన్నవున్నట్టు రాసి పంపి ఉంటే, "ఇవి నావేరా వెధవా" అని ఆ రోజే చెప్పేదాన్ని కదా!

సరే, తిట్లు అయ్యాయి. సంగతి విను.

కాలేజీకి ఫోను చేశాను. అవతల ఆవిడ ఏవో కాగితాలు తిరగేసి, "మీ అమ్మాయి సీటు వద్దని రాసిన మాట నిజమే. కాని మైనరు కదా, తల్లి ఒప్పుకుంటేనే రద్దు చేస్తాం. మీ మెయిలుకి అడిగి రాశాం. మీరు జవాబివ్వలేదు, అందుకని సీటు అలాగే ఉంది" అంది. రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడోసారి అడిగితే ఆవిడే ఫోను పెట్టేసింది.

పిచ్చుకని పిలిచి నా మెయిలు డబ్బా తెరవమన్నాను. తెరిచింది. తెరిచిపెట్టిన రోజు నుంచీ వచ్చినవన్నీ నల్లటి పెద్దక్షరాలతో అలాగే ఉన్నాయి. ఒక్కటీ తాకలేదు. కాలేజీ ఉత్తరం వాటి మధ్యలో కూర్చుని ఉంది. "ఇవేవీ చదవలేదేమే?" అన్నాను. అది నా ముఖంలోకి వింతగా చూసి, "నీకొచ్చినవి నేనెందుకు చదువుతానమ్మా?" అంది.

నేను వెళ్ళి ఊడ్చిన గదే మళ్ళీ ఊడ్చాను.

ఊడ్చి వచ్చి, ఇన్నాళ్ళకి నేరుగా అడిగాను. "నేను వెళ్ళిపోతానని నీకెవరు చెప్పారే?" "నువ్వే. ఇంజన్ల గురించి వెతుకుదామని 'ఇ' కొట్టగానే 'ఇల్లు వదిలి వెళ్ళే ఆడవాళ్ళు' అని అదే ముందుకొచ్చేది. ఆ తర్వాత అటక మీద పెట్టె చూశాను." "నువ్వు పారిపోతావని భయపడ్డానే!" "ఎక్కడికి?" "నాకేం తెలుసు, అదే కదా వెతికింది." అది నవ్వలేదురా. నేనూ నవ్వలేదు. నిఘా ప్రోగ్రాము సంగతి మొత్తం చెప్పేశాను. విని, లేచి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ధడాలున కాదు, మెల్లిగా. అదే భరించలేకపోయాను.

నువ్వు పంపిన కవరు దుకాణంలో రోజంతా నా ముందే ఉంది. విప్పాలని ఎంత చెయ్యి లాగిందో ఆ దేవుడికే తెలుసు. కొత్తమ్మాయి నన్నే చూస్తోంది. ఆఖరికి దాన్ని ఖాకీ కవర్లో వేసి, పైన "మీ జేబులో దొరికింది, చూడలేదు" అని రాసి, ఇంటికెళ్ళి పిచ్చుక కోటుకి పిన్నీసుతో గుచ్చాను.

మర్నాడు కోటు తొడుక్కుని వెళ్ళింది, వచ్చింది. నాకు రోజంతా పరీక్ష రాసినట్టుంది.

నువ్వు వచ్చే ఆదివారం వచ్చి ఆ ప్రోగ్రాము పీకేసి పో. పీకే ముందు ఈ వారం రిపోర్టు శ్రద్ధగా చదువు. వెతికే చోట అన్నీ నీకే రాశాను, మీ ఊళ్ళో చెవి డాక్టర్ల అడ్రసులతో సహా. వెళ్ళలేదో, నీకు గ్రేడు నేనేస్తాను.

ఆ మర్నాటి సంగతి చెప్పలేదు కదూ. దుకాణం తెరిచి, లోపల కోట్లు తగిలించి వచ్చేసరికి కౌంటరు మీద ఖాకీ కవరు ఒకటి ఉంది, బరువుగా. లోపల నీలం పెట్టె చక్రం! పైన దాని రాత: "మీ పెట్టెది. చూశాను, తీశాను. క్షమించు."

చూశాను అని రాసింది చూడరా. నేను ఆ ఒక్క మాట ఎన్నాళ్ళు తొక్కిపట్టానో.

పెట్టె అమ్మిన కొట్టతని దగ్గరికి వెళ్ళి తప్పయిందని చెప్పుకున్నాను. చక్రం అతనే బిగించి ఇచ్చాడు. సంతకం కాగితం పోస్టు చేశాను. పెట్టె ఇప్పుడు అటక మీద లేదు, గుమ్మం పక్కన నిలబడి ఉంది. అటూ ఇటూ వెళ్తున్నప్పుడల్లా కాలికి తగులుతోంది. పిచ్చుక అందులో ఏం సర్దుకుంటోందో నాకు తెలీదు. మూత తెరిచే ఉంది, నేనే అటు చూడకుండా తిరుగుతున్నాను.

మీ అక్క